వియన్నా ఒపెరా క్యూలో నా ముందు నిలబడిన పెద్దావిడకు

అమ్మా, మీ పేరు కూడా అడగలేకపోయాను.

డిసెంబరు చలిలో జర్మనీలోని లైప్‌జిగ్ చూసుకుని వియన్నా చేరాను. లైప్‌జిగ్‌లోని సెయింట్ థామస్ చర్చిలో, 1723 నుంచి చనిపోయేదాకా సంగీతకర్త బాహ్ పనిచేసిన చోట, ఆయన సమాధి ముందు గంటసేపు కూర్చున్నాను. ఆ గంట ఒక ఎత్తు, మీరు చేసిన సాయం ఒక ఎత్తు.

పాటలతో సాగే నాటకాలు ఆడే వియన్నా స్టేట్ ఒపెరాలో నిలబడి చూసే చోట్లు 400కు పైగా ఉంటాయి, టికెట్ చాలా చవక. రెయిలింగుకు స్కార్ఫ్ కట్టి చోటు ఆపుకోవాలని మాత్రం నాకు తెలియదు. మన బస్సుల్లో కిటికీలోంచి సీటు మీద తువ్వాలు వేసినట్టే! నా స్కార్ఫ్ ఆ పొద్దునే ట్రామ్‌లో పోయింది. నా టెన్షన్ చూసి మీ మెడలోని ఊలు స్కార్ఫ్ తీసి నా చోట కట్టారు. మీ చోటుకు చేతిరుమాలు కట్టుకున్నారు. రెయిలింగు మీది చిన్న తెరలో ఇంగ్లిష్ అనువాదం వచ్చేలా కూడా పెట్టారు. చిన్నప్పటి నుంచి రేడియోలో, క్యాసెట్లలో విన్న మొజార్ట్ సంగీతాన్ని ఆ రాత్రి కళ్లారా చూస్తూ విన్నాను. ఏడుపొచ్చింది.

చప్పట్లు ఆగేసరికి మీరు వెళ్లిపోయారు. స్కార్ఫ్ హైదరాబాద్‌లో నా దగ్గరే భద్రంగా ఉంది. మీకు శతకోటి నమస్కారాలు.