మాంద్యంలో ఏ నగరం ఎంత పడిందో చెప్పే లెక్క మనకు కావాలి

కేంద్ర గణాంకాలు, కార్యక్రమాల అమలు శాఖ మంత్రి శ్రీ రావు ఇంద్రజిత్ సింగ్ గారికి బహిరంగ లేఖ

అయ్యా, నమస్కారం.

2020 ఆగస్టు 31న మీ శాఖ ఒక అంకె ప్రకటించింది. ఆ ఏడాది ఏప్రిల్ నుంచి జూన్ దాకా మూడు నెలల్లో దేశ జీడీపీ, అంటే దేశంలో జరిగిన మొత్తం ఉత్పత్తి విలువ, అంతకుముందు ఏడాదికన్నా 23.9 శాతం తగ్గిందని. నిర్మాణ రంగం సగానికి సగం పడిపోయింది. వాణిజ్యం, హోటళ్లు, రవాణా కలిపి 47 శాతం, తయారీ రంగం 39 శాతం తగ్గాయి. వ్యవసాయం మాత్రం 3.4 శాతం పెరిగింది. పడిపోయినవన్నీ ఎక్కువగా నగరాల్లో జరిగే పనులు. మరి ఏ నగరం ఎంత పడింది? హైదరాబాద్ ఎక్కువ నష్టపోయిందా, బెంగళూరా? ముంబై ముందు కోలుకుందా, చెన్నైయా? ఇన్నేళ్ల తర్వాత కూడా ఈ ప్రశ్నలకు ప్రభుత్వం ముద్రతో వచ్చిన జవాబు లేదు.

నేను డిగ్రీ కాలేజీలో ఎకనామిక్స్ చెబుతాను. దేశ జీడీపీ గురించి, రాష్ట్ర ఉత్పత్తి గురించి పిల్లలు అడిగితే పట్టికలు తెరిచి చూపిస్తాను. మహానగరాల దగ్గరికి వచ్చేసరికి చేతిలో ఏమీ ఉండదు. వాళ్లలో చాలామంది రేపు ఉద్యోగాలకు వెళ్లేది ఆ మహానగరాలకే.

అమెరికాలో ఈ లెక్క ఉంది. అక్కడి వాణిజ్య శాఖ కింద పనిచేసే ఆర్థిక విశ్లేషణ సంస్థ 2007లో మహానగర ప్రాంతాల వారీగా జీడీపీ ప్రకటించడం మొదలుపెట్టింది. ఆ ఏడాది డిసెంబర్‌లోనే అక్కడ పెద్ద మాంద్యం మొదలైంది. 2009 జూన్ దాకా సాగింది. లెక్క చేతిలో ఉంది కాబట్టి, దేశమంతా ఒకేలా పడలేదన్న సంగతి అంకెల్లో కనిపించింది. కార్ల కంపెనీల మీద బతికే డెట్రాయిట్ కూలబడింది. 2009లో దివాలా రక్షణ కోరిన క్రైస్లర్, జనరల్ మోటార్స్ రెండూ ఆ ప్రాంతపు కంపెనీలే. ఇళ్ల నిర్మాణం మీద, పర్యాటకుల మీద ఆధారపడ్డ లాస్ వేగస్ కూడా గట్టి దెబ్బ తిన్నది. ఫెడరల్ ప్రభుత్వ ఉద్యోగాలు, కాంట్రాక్టులు ఎక్కువగా ఉన్న వాషింగ్టన్ ప్రాంతం చాలావరకు నిలదొక్కుకుంది. ఒకే దేశం, ఒకే మాంద్యం, మూడు చోట్ల మూడు రకాల అనుభవం. సాయం ఎక్కడికి పంపాలో, ఎక్కడ ఆగాలో నిర్ణయించడానికి ఇలాంటి సమాచారం కావాలి.

అక్కడి మహానగరానికి రాష్ట్ర సరిహద్దు అడ్డు కాదు. జనం ఎక్కడ ఉండి ఎక్కడికి పనికి వెళ్తున్నారో చూసి, ఆ రాకపోకలు ఎక్కువగా ఉన్న కౌంటీలన్నిటినీ (మన జిల్లాల వంటివి) ఒక ప్రాంతంగా కలుపుతారు. వాషింగ్టన్ ప్రాంతంలో వర్జీనియా, మేరీలాండ్ కౌంటీలు ఉంటాయి. న్యూయార్క్ ప్రాంతంలో న్యూజెర్సీ కౌంటీలు ఉంటాయి.

ఈ విషయం మీకు ఇంకెవరికన్నా బాగా తెలిసి ఉండాలి. మీరు ఎన్నికైన గురుగ్రామ్ ఢిల్లీ ఆర్థిక వ్యవస్థలో భాగం. కానీ దాని ఉత్పత్తి హరియాణా ఖాతాలో పడుతుంది. నోయిడాది ఉత్తరప్రదేశ్ ఖాతాలో. ఢిల్లీకి విడిగా లెక్క ఉండటంతో అది దేశ రాజధాని ప్రాంతపు లెక్క అని చాలామంది పొరబడతారు. ముగ్గురి ఖాతాల్లో విడిపోయిన ఒకే నగరాన్ని ముంబైతో పోల్చాలంటే ఏ అంకె తీసుకోవాలి?

మా హైదరాబాద్‌కు రాష్ట్ర సరిహద్దు గొడవ లేదు. జిల్లాల గొడవ ఉంది. హైటెక్ సిటీ, గచ్చిబౌలి, శంషాబాద్ విమానాశ్రయం రంగారెడ్డి జిల్లాలోవి. పటాన్‌చెరు పరిశ్రమలు మా సంగారెడ్డి జిల్లాలోవి. ఉప్పల్, కుషాయిగూడ, మేడ్చల్ వైపు ఉన్నవి మేడ్చల్–మల్కాజ్‌గిరి జిల్లాలోవి. హైదరాబాద్ జిల్లా అంటే పాత నగరం, సికింద్రాబాద్, వాటి చుట్టుపక్కల ప్రాంతం. రాష్ట్ర అర్థగణాంక శాఖ ఇచ్చే జిల్లా స్థూల ఉత్పత్తి పట్టికలో రంగారెడ్డి పైన, హైదరాబాద్ దాని కింద ఉంటాయి. అది చూసి ‘హైదరాబాద్‌ను రంగారెడ్డి దాటేసింది’ అని పేపర్లు రాస్తాయి. గచ్చిబౌలి ఆఫీసులో పనిచేసే మనిషికి తాను హైదరాబాద్ దాటి వచ్చానన్న ఊహ కూడా ఉండదు.

జిల్లాలన్నీ కూడితే సరిపోతుంది కదా అంటారేమో. ముందు జిల్లాలు నిలకడగా ఉండాలి. 2016 అక్టోబర్‌లో తెలంగాణలో 10 జిల్లాలు 31 అయ్యాయి, 2019లో 33 అయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్‌లో 13 జిల్లాలు 26 అయ్యాయి. 2009 జనవరి 7న హైదరాబాద్ ఐటీ కంపెనీ సత్యం లెక్కల కుంభకోణం బయటపడింది. ప్రపంచ సంక్షోభం అప్పటికే ఐటీ నియామకాలను ఆపేసింది. ఆ ఏడాది హైదరాబాద్ మహానగరానికి జరిగిందాన్ని 2020లో జరిగిందాంతో పక్కపక్కన పెట్టి చూడాలంటే, మారిన సరిహద్దుల మీదుగా సాగే ఒకే వరుస అంకెలు ఎక్కడా దొరకవు.

అంతకన్నా లోతైన సమస్య జిల్లా లెక్క తయారయ్యే పద్ధతిలో ఉంది. మామూలు పాఠకుడికి ఇది కనిపించదు కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను. పంటలు, గనుల వంటి వాటికి జిల్లాలో జరిగిన ఉత్పత్తి విడిగా తెలుస్తుంది. సేవల రంగంలో చాలా భాగానికి అలా తెలియదు. రాష్ట్రం మొత్తానికి ఒక అంకె వేసి, దాన్ని ఉద్యోగుల సంఖ్య వంటి నిష్పత్తుల ప్రకారం జిల్లాలకు పంచుతారు. ఆ రాష్ట్ర అంకెలో కూడా రైల్వేలు, బ్యాంకింగ్, కమ్యూనికేషన్ల వంటివి దేశం మొత్తం మీద లెక్కగట్టి రాష్ట్రాలకు పంచినవే. పంచడానికి వాడే జనాభా లెక్కలు 2011 నాటివి. మంచి రోజుల్లో ఇది కొంత నడుస్తుంది. మాంద్యంలో నడవదు. ఎందుకంటే మాంద్యం పాత నిష్పత్తి ప్రకారం రాదు. ఇంటి మొత్తం కరెంటు బిల్లును గదుల సంఖ్యతో భాగించి, ఏ గదిలో ఏసీ ఆగిపోయిందో చెప్పమంటే ఎలా చెబుతాం? తగ్గుదలను అన్ని జిల్లాలకూ ఒకే తీరుగా పంచేస్తే, మనం తెలుసుకోవాలనుకున్న తేడాయే లెక్కలోంచి మాయమవుతుంది.

2020–21లో హైదరాబాద్‌లో ఏం జరిగిందో చూడండి. తెలంగాణ ఐటీ ఎగుమతులు 2019–20లో 1,28,807 కోట్ల రూపాయలు. తర్వాతి ఏడాది 1,45,522 కోట్లు. దాదాపు 13 శాతం పెరుగుదల. ఇదంతా దాదాపుగా హైదరాబాద్‌లో జరిగిన పనే. అదే నగరం అంచున ఉన్న లింగంపల్లి స్టేషన్ నుంచి 2020 మే 1న వలస కూలీలను సొంత రాష్ట్రాలకు చేర్చే శ్రామిక్ రైళ్లలో దేశంలోనే మొదటిది బయలుదేరింది. సుమారు 1,200 మంది కూలీలను జార్ఖండ్‌లోని హటియాకు తీసుకెళ్లింది. సంగారెడ్డి జిల్లా కంది దగ్గర భవన నిర్మాణంలో ఉన్నవాళ్లు వాళ్లలో చాలామంది. ఒక పక్క సాఫ్ట్‌వేర్ ఎగుమతి పెరిగింది, ఇంకో పక్క సైట్లలో క్రేన్లు ఆగిపోయాయి, హోటళ్లు మూతపడ్డాయి, ఆటోలు, క్యాబ్‌లు స్టాండ్‌లో ఉండిపోయాయి. ఈ రెండూ కలిపితే నగరం మొత్తం మీద పెరిగిందా, తగ్గిందా? ఐటీ ఎగుమతుల అంకె ఒక్కటే చేతిలో ఉండటంతో ‘హైదరాబాద్‌కు కరోనా దెబ్బ తగల్లేదు’ అనే మాట స్థిరపడిపోయింది. కూలీల అంకె ఎవరి చేతిలోనూ లేదు కాబట్టి వాళ్ల నష్టం ఆ మాటలో చేరలేదు. నాకు అన్నిటికన్నా బాధ కలిగించే విషయం ఇదే.

ఇంకో చిక్కు కూడా ఆ ఏడాదే వచ్చింది. గచ్చిబౌలి కంపెనీలో పనిచేసే పిల్లలు గుంటూరు, ఖమ్మం, కాకినాడల్లోని ఇళ్లకు వెళ్లి ల్యాప్‌టాప్ తెరిచారు. వాళ్ల పని ఏ ఊరి ఉత్పత్తి? కంపెనీ పత్రాలు రిజిస్టర్డ్ ఆఫీసు పేరు మీద దాఖలవుతాయి, పని జరిగిన ఊరు వాటిలో ఉండదు. మీ శాఖ దీనికి ఒక నియమం పెట్టాలి. ఏ నియమమైనా సరే, దేశమంతా ఒకటే ఉండాలి.

ప్రభుత్వ లెక్క లేని చోట ప్రైవేటు అంచనాలు రాజ్యం చేస్తున్నాయి. 2018 చివర్లో ఆక్స్‌ఫర్డ్ ఎకనామిక్స్ సంస్థ 2035 దాకా ప్రపంచంలో వేగంగా పెరిగే పది నగరాలూ భారత్‌లోవేనని చెప్పింది. సూరత్ మొదటిది, హైదరాబాద్, విజయవాడ కూడా జాబితాలో ఉన్నాయి. మన పేపర్లు పండగ చేసుకున్నాయి. సంస్థను తప్పు పట్టడం లేదు, దొరికిన సమాచారంతో వాళ్ల పని వాళ్లు చేశారు. కానీ ఏడాది తిరిగేసరికి లాక్‌డౌన్ వచ్చింది. ఆ పది నగరాల్లో ఏది ఎంత వెనక్కి పోయిందో సరిచూసుకునేందుకు మనకంటూ ఒక కొలత లేదు. నీతి ఆయోగ్ ముంబై, సూరత్, వారణాసి, విశాఖపట్నం ప్రాంతాలను గ్రోత్ హబ్‌లుగా, అంటే ఆర్థికంగా వేగంగా పెంచాల్సిన కేంద్రాలుగా, ఎంచుకుంది. విశాఖ ప్రాంతం 2032 నాటికి 120 బిలియన్ డాలర్ల ఆర్థిక వ్యవస్థ కావాలని లక్ష్యం. మంచిదే. ఏటా ఎంత దూరం వచ్చామో ఏ అధికారిక పట్టికలో చూడాలి? మధ్యలో ఉక్కు ధర పడిపోతేనో, రొయ్యల ఎగుమతి ఆగిపోతేనో ఎంత వెనకబడ్డామో ఎవరు చెబుతారు?

ఉత్పత్తి ఒక్కటే జనం బాగోగులు చెప్పదని నాకు తెలుసు. హైదరాబాద్‌లో పని ఆగితే ఆ నష్టం పాలమూరు ఊళ్లలో, శ్రీకాకుళం పల్లెల్లో, ఒడిశా నుంచి వచ్చే ఇటుక బట్టీ కూలీల ఇళ్లలో కనిపిస్తుంది. నగరాల పోలిక పట్టిక వస్తే ముఖ్యమంత్రులు దాన్ని బోర్డుల మీద వేసుకుంటారన్న భయం కూడా సహజమే. అయినా లెక్క లేకపోవడం వల్ల ఆ ప్రచారం ఆగలేదు కదా. లెక్క ఉంటే కనీసం దాన్ని ప్రశ్నించే వీలుంటుంది.

మీ శాఖ ఈ మధ్య చేస్తున్న పని చూశాకే ఈ లేఖ రాసే ధైర్యం వచ్చింది. 2025 జనవరిలో కార్మిక సర్వే పద్ధతి మారింది; ఇప్పుడది ప్రతి నెలా అంచనాలు ఇస్తోంది, నమూనా ఎంపికలో జిల్లాను ప్రాథమిక విభాగంగా తీసుకుంటోంది. అసంఘటిత రంగ సంస్థల సర్వే ఏటా జరుగుతోంది. జీఎస్టీ రిజిస్ట్రేషన్లలో వ్యాపార స్థలం చిరునామా ఉంటుంది. కరెంటు వాడకం, ప్రావిడెంట్ ఫండ్ ఖాతాలు, ఆస్తుల రిజిస్ట్రేషన్లు అన్నీ కంప్యూటర్లలోనే ఉన్నాయి. కింది నుంచి పైకి లెక్క కట్టడానికి కావలసిన సరుకు ఇప్పుడు ఉంది. జనాభా పది లక్షలు దాటిన నగరాలన్నిటికీ ఒకేసారి చేయమని అడగడం లేదు. ఢిల్లీ, ముంబై, బెంగళూరు, చెన్నై, కోల్‌కతా, హైదరాబాద్, పుణె, అహ్మదాబాద్‌లతో మొదలుపెట్టండి. ప్రయోగాత్మకం అని పైన రాసి ప్రకటించండి. అమెరికా కూడా మొదట అలాగే చేసింది. వెనక్కి 2018–19 దాకా వెళ్లి లెక్క కట్టిస్తే కరోనా ఏడాదికి ముందు, తర్వాత ఏమైందో తెలుస్తుంది.

ఒక్క పనికి మాత్రం గడువు ఉంది. జనాభా లెక్కల రెండో దశ 2027 ఫిబ్రవరిలో జరగబోతోంది. 2011లో పనికి ఎంత దూరం వెళ్తారు, ఎలా వెళ్తారు అని అడిగారు. ఏ ఊరికి వెళ్తారని కూడా ఈసారి అడిగితే, మహానగరం హద్దు ఎక్కడో జనమే చెబుతారు. జనాభా లెక్కలు హోం శాఖవని తెలుసు. ఆ శాఖకు మీరు ఒక లేఖ రాయండి. ఈ అవకాశం పోతే మళ్లీ ఎన్నేళ్లకు వస్తుందో చెప్పలేం. పోయినసారిది 2021లో రావలసింది, రాలేదు.

భవదీయుడు,
సంగారెడ్డి జిల్లా నుంచి ఒక ఎకనామిక్స్ అధ్యాపకుడు