2024–25 వార్షిక నివేదిక: సర్వసభ్య సమావేశానికి కార్యదర్శి సమర్పించినది

గౌరవ సభ్యులకు నమస్కారం.

సైన్సును జనంలోకి తీసుకెళ్లే మన సంఘం ఎందుకు పుట్టిందో మళ్లీ చెప్పనక్కరలేదు. గుంటూరు బ్రాడీపేటలో నెలనెలా జరిగే ప్రసంగాలు ఈ ఏడాదీ ఆగలేదు. బడులకు వెళ్లి సూక్ష్మదర్శినిలో ఉల్లిపొర చూపించే పని పరీక్షల రోజుల్లో తప్ప సాగింది. మూఢనమ్మకాలపై కరపత్రం వేశాం. పంచని కట్టలు కార్యాలయంలో బల్ల కిందే ఉన్నాయి.

చెప్పుకోదగ్గది ఫిబ్రవరి 28 సభ. 1928లో రామన్ ఫలితం వెలుగు చూసిన ఆ రోజున ఏటా పట్టకంతో ఏడు రంగులు చూపి, ఫలహారాలు పెట్టి పంపేవాళ్లం. ఈసారి ‘పరిశోధనకు ప్రజల సొమ్ము ఎందుకు?’ అన్న ప్రశ్న పెట్టి, వేదిక మీద రెండు వరి కుండీలు ఉంచాం. ఒకదాని ఆకులు కొనల నుంచి అంచుల వెంబడి ఎండి గడ్డిరంగుకు తిరిగాయి. రెండోది పచ్చగా ఉంది.

మొదటిది బీపీటీ 5204, మన కంచాల్లోని సాంబ మసూరి. అప్పట్లో మన జిల్లాలోనే ఉన్న బాపట్లలో రూపొంది 1986లో విడుదలైంది. అన్నానికి దానికి సాటి లేదు కానీ ఎండాకు తెగులు సోకితే తట్టుకోలేదు. రెండోది హైదరాబాద్‌లోని వరి పరిశోధన సంస్థ, కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం (సీసీఎంబీ) కలిసి తయారు చేసిన మెరుగైన సాంబ మసూరి. తెగులును ఆపే మూడు జన్యువులను సంకరణంతోనే అందులోకి తెచ్చారు, ప్రతి తరంలో అవి చేరాయో లేదో డీఎన్‌ఏ గుర్తులతో చూసి మొక్కలను ఏరారు. ఆ మూడింటిలో ఒకటైన ఎక్స్‌ఏ21 ఆఫ్రికాలోని ఒక అడవి వరిది. పొలంలో ఎవరూ వేసుకోని ఆ గడ్డిని సేకరించి, విత్తనం దాచి, అందులో ఏముందోనని ఏళ్ల తరబడి వెతికినవారికి జీతం ఎవరు ఇవ్వాలి? రాబడి ఎప్పుడొస్తుందో, అసలు వస్తుందో రాదో తెలియని పనికి వ్యాపారి డబ్బు పెట్టడు. పెట్టమనడమూ న్యాయం కాదు. ఈ మాట వినగానే వెనుక వరుసలోని ఒక మిర్చి రైతు లేచి, ‘మా బొబ్బర తెగులుకూ ఇలాంటి గడ్డి ఎక్కడైనా ఉందేమో వెతకమనండి’ అన్నారు. ఆ సాయంత్రానికి అదే అసలైన ప్రసంగం.

కరోనా రోజుల్లో మన ముక్కుల్లో పుల్ల పెట్టి చేసిన పరీక్ష సంగతీ వచ్చింది. 1960లలో అమెరికాలోని ఎల్లోస్టోన్ వేడినీటి బుగ్గల్లో బతికే బాక్టీరియాను వెతికినవారికి రోగాలతో పనే లేదు. దాని ఎంజైమే తర్వాత పీసీఆర్‌కు, అంటే ఆ పరీక్షలో డీఎన్‌ఏను లక్షల రెట్లు పెంచే పద్ధతికి, ప్రాణమైంది. మన దేశం పరిశోధనకు పెట్టేది స్థూల దేశీయోత్పత్తిలో సుమారు 0.64 శాతం, దక్షిణ కొరియా పెట్టేది 5 శాతానికి అటూ ఇటూ. ఈ అంకెలు బోర్డు మీద రాసినప్పుడు హాలులో కాసేపు గుసగుసలు వినిపించాయి.

ముఖ్య అతిథిగా వస్తామని మాట ఇచ్చిన అధికారి రాలేదు, కబురూ లేదు. ఆయన కోసం ఆపిన సభ ఆలస్యమై బడిపిల్లలు ప్రశ్నలు అడగకుండానే ఇళ్లకు వెళ్లారు. ఇకపై ఎవరి కోసమూ ఆపవద్దని కార్యవర్గం తీర్మానించింది. వాలంటీర్ల విషయం: వాట్సాప్‌లో బొటనవేలు చూపినవారంతా వచ్చి ఉంటే హాలు చాలేది కాదు. చివరకు కుర్చీలు వేసింది పెద్దవయసు సభ్యులూ, ఇద్దరు ఇంటర్ విద్యార్థులూ.

జమాఖర్చులు ఆడిటరు సంతకంతో అనుబంధంలో ఉన్నాయి. ఖర్చు రాబడిని దాటలేదు. చందా బాకీలున్నవారు కోశాధికారిని కలవగలరు.

కుండీలను నారు నుంచి పెంచి, ఆటోలో ఒడిలో పెట్టుకుని తెచ్చిన రైతు సభ్యుడికి, హాలు అద్దె తగ్గించిన యజమానికి, మైకు సోదరులకు, పులిహోర పంపిన మహిళా విభాగానికి, ప్రసంగించిన విశ్రాంత అధ్యాపకులకు, ఎంత చెప్పినా నివేదిక గడువు పొడిగించని అధ్యక్షులవారికి కృతజ్ఞతలు.

సంఘం సూక్ష్మదర్శిని ఎవరి ఇంట్లో ఉందో వారు ఈ నెలాఖరులోగా అప్పగించాలి. వచ్చే నెల బడుల జాబితా సిద్ధంగా ఉంది.

మీ
కార్యదర్శి, గుంటూరు