ఆదివారం కంప్యూటర్ క్లాస్: అన్ని ఫ్లాట్ల వాళ్లకూ

అందరికీ నమస్కారం 🙏

పోయిన వారం అనుకున్నట్టే ఈ ఆదివారం ఉదయం 10 గంటలకు కమ్యూనిటీ హాల్లో కూర్చుందాం. 12కల్లా ముగిస్తాం, వంటకు ఆలస్యం కాదు. పిల్లలూ పెద్దలూ అందరూ రండి, ముఖ్యంగా "మాకెందుకులే ఇవన్నీ" అనే తాతయ్యలు, అమ్మమ్మలు.

ముందు కంప్యూటర్లో వాడే మాటల సంగతి చూద్దాం. ర్యామ్, స్టోరేజ్ ఒకటే అనుకునేవాళ్లు మనలో చాలామందే (మొన్నటిదాకా నేనూ అంతే). స్టోరేజ్ బీరువా లాంటిది, ర్యామ్ పనిచేసుకునే బల్ల. కంప్యూటర్ ఆపగానే బల్ల మీదవి పోతాయి, బీరువాలోవి ఉంటాయి. అందుకే టైప్ చేస్తూ మధ్యమధ్యలో కంట్రోల్, ఎస్ కలిపి నొక్కి సేవ్ చేసుకోవాలి. పొరపాటున ఏదైనా చెరిగిపోతే టెన్షన్ పడొద్దు, వెంటనే కంట్రోల్, జెడ్ నొక్కితే తిరిగొస్తుంది. బ్రౌజర్, డౌన్‌లోడ్, పీడీఎఫ్, తెలుగు టైపింగ్ అక్కడే చేసి చూద్దాం.

ల్యాప్‌టాప్ ఉంటే చార్జర్‌తో తెచ్చుకోండి. లేకపోతే ఉత్త చేతులతో రండి, ఇద్దరికొకటి సర్దుతాం. ఎక్స్‌టెన్షన్ బోర్డు ఉన్నవాళ్లు పట్టుకురండి, హాల్లో ప్లగ్గులు రెండే.

వచ్చేవాళ్లు శుక్రవారం రాత్రిలోగా ఫ్లాట్ నంబరు, ఎంతమందో ఇక్కడే పెట్టండి. ఆ రోజుకి గుడ్ మార్నింగ్ ఫొటోలు కాస్త ఆపితే లెక్క తేలిగ్గా తేలుతుంది 😄

మరోసారి గుర్తు చేస్తున్నా: పాస్‌వర్డ్, ఓటీపీ ఎవరికీ చెప్పొద్దు, క్లాసులో నేర్పే మాకు కూడా. ఆన్‌లైన్ మోసంలో డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలి. ఆ నంబరు ఇప్పుడే సేవ్ చేసుకోండి.