స్పోర్ట్స్ కారుకు ముందు నంబర్ ప్లేటు ఏదీ?

సంపాదకులకు,

హైదరాబాద్‌లో కార్లకు యాక్సెసరీస్ బిగిస్తుంటాను. స్పోర్ట్స్ కార్లు తెచ్చేవాళ్లలో కొందరు ముందు నంబర్ ప్లేటు వద్దంటారు, బంపర్‌కు రంధ్రాలు పడితే అందం పోతుందని. నేను ఒప్పుకోను. ఎదురుగా వచ్చి గుద్దేసిన బండిని గుర్తుపట్టేది ఆ నంబరుతోనే కదా! 2019 ఏప్రిల్ 1 నుంచి తయారైన కార్లకు ముందూ వెనకా హై సెక్యూరిటీ ప్లేటు (హోలోగ్రామ్ ముద్ర ఉండే నంబర్ ప్లేటు) తప్పనిసరి. బంపర్ మీద స్టిక్కర్ అంటిస్తే అది చెల్లదు.

చాలా కార్లకు రంధ్రం చేయాల్సిన పనే లేదు. కారును లాక్కెళ్లడానికి వాడే టోయింగ్ హుక్ బిగించే చోట బ్రాకెట్ ఎక్కించి ప్లేటు పెట్టొచ్చు. రేడియేటర్‌కు గాలి వెళ్లే జాలీకి, ముందున్న బండిని పసిగట్టే రాడార్ సెన్సర్‌కు మాత్రం అడ్డు రాకూడదు. షోరూములే ఈ బ్రాకెట్ అమర్చి కారు అప్పగించాలి. ప్లేటు లేని స్కూటర్‌కు చలానా రాసే పోలీసులు ఈ కార్లనూ ఆపాలి.

– ఒక కార్ యాక్సెసరీస్ మెకానిక్, హైదరాబాద్