ముందు ఎర్త్ వైరు చూడు, బుజ్జీ

విజయవాడ,
గురువారం రాత్రి

బుజ్జీ,

నిన్న ఫోన్‌లో నువ్వు చెప్పినదాంట్లో సగమే అర్థమైంది, మిగతా సగం ఏడుపే. ఇంజన్ మార్పించి వారం కాలేదు, సిగ్నల్ దగ్గర ఆగితే బండి వణికిపోతోంది, కాస్త రేజ్ చేస్తే సర్దుకుంటోంది, "ఈ ఇంజన్ కూడా పోయింది, ఇంకోటి చూసుకోండి మేడం" అని మెకానిక్ అంటున్నాడు. ఇదేగా? ఫోన్‌లోనే చెప్పేవాణ్ణి. కానీ నువ్వు టెన్షన్‌లో ఉంటే ఏదీ చెవికెక్కదు. కాగితమైతే బానెట్ ఎత్తి పక్కన పెట్టుకుని చూసుకుంటావు. బ్యాటరీ మీద మాత్రం పెట్టకు.

ఇంజన్‌ను అప్పుడే తిట్టకు. అది మొన్నటిదాకా ఇంకో మారుతి 800లో నడిచిందే. దించి ఎక్కించేటప్పుడు చేతులు ఎక్కడెక్కడ పడ్డాయో ముందు అవి చూడాలి. వైర్లు, పైపులు, ప్యాకింగులు, బోల్టులు. ఆటోనగర్‌లో ఇన్నేళ్ళు చేసినవాడిని, నేను ఎన్నిసార్లు బోల్తా పడ్డానో నాకే తెలుసు.

ఒకటి చెప్తా, అమ్మకు కూడా తెలియదిది. నువ్వు పుట్టకముందు ఒక ఆమ్నీకి ఇంజన్ ఎక్కించాను. దానిదీ నీ బండి ఇంజనే, అదే 796 సీసీ, మూడు సిలిండర్లు. రాత్రి పదకొండింటికి స్టార్ట్ చేశాం. సెల్ఫ్ బద్ధకంగా తిరిగింది, బండి పట్టుకుంది, కానీ ఒకటే వణుకు. హెడ్‌లైట్ వేస్తే ఆగిపోతోంది. పెట్రోలూ గాలీ కలిపే కార్బురేటర్ రెండుసార్లు విప్పాను. ప్లగ్గులు మార్చాను. బ్యాటరీ మార్చాను. మూడో రోజు యాక్సిలరేటర్ కేబుల్ మీద చెయ్యి వేస్తే చుర్రుమంది! కేబుల్ ఎందుకు కాలుతుంది? ఇంజన్ రబ్బరు మౌంటింగుల మీద కూర్చుంటుంది కదా, బాడీకీ దానికీ కరెంటు లంకె ఎర్త్ పట్టీ ఒక్కటే. అది బిగించకపోతే కరెంటు దొరికిన దారి పట్టుకుంటుంది, ఆ బండిలో కేబుల్ దొరికింది. పట్టీ గేర్‌బాక్స్ వెనక వేలాడుతోంది. దాని బోల్టు ఎక్కడుందనుకున్నావ్? నా చొక్కా జేబులో. ఓనర్‌కు "చిన్న అడ్జస్ట్‌మెంట్" అని చెప్పి పంపించాను.

కాబట్టి ముందు ఎర్త్ చూడు. బిగించి ఉంటే సరిపోదు, కింద రంగో తుప్పో ఉంటే గీకి బిగించాలి.

తర్వాత గాలి. నువ్వు చెప్పిన లక్షణానికి నాకు ఎక్కువ అనుమానం దీని మీదే. బండి ఆగి ఉన్నప్పుడు కార్బురేటర్ తలుపు దాదాపు మూసుకుని ఉంటుంది, ఇంజన్ పీల్పు లోపల గట్టిగా ఉంటుంది. అప్పుడు చిన్న సందు దొరికినా దొంగగాలి పోయి పెట్రోలు పలచబడుతుంది, వణుకుతుంది. రేజ్ చేస్తే వెళ్ళే గాలే ఎక్కువ, ఆ కాస్త దొంగగాలి లెక్కలోకి రాదు. అందుకే సర్దుకుంటోంది. కార్బురేటర్ కింది ప్యాకింగ్, ఆ గాలిని సిలిండర్లకు పంచే మానిఫోల్డ్ ప్యాకింగ్, ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్‌కు వెళ్ళే సన్న రబ్బరు పైపు, ఇవి చూడు. పాత పైపులు చివర్లో చీలి ఉంటాయి, వేలితో వంచితే గానీ కనపడదు. ఇంజన్ నడుస్తుండగా ఆ అతుకుల మీద మాత్రమే నీళ్ళు పిచికారీ కొట్టు. శబ్దం మారితే దొంగ దొరికినట్టే. ప్లగ్గు వైర్ల మీద పడనీయకు. ఎవరన్నా పెట్రోలు చల్లమంటే వద్దని చెప్పు.

ఇక ప్లగ్గు వైర్లు. ఈ ఇంజన్ పేలే వరస 1-3-2. రెండూ మూడూ తారుమారైతే బండి సరిగ్గా నడవదు, నీది నడుస్తోందిగా, అందుకని వరస సరే అయ్యుండాలి. కానీ ఒక సిలిండర్ మిస్సింగ్ కొడుతుంటే? నాలుగు సిలిండర్ల బండి అయితే ఈడ్చుకుంటూ పోతుంది గానీ మూడింట్లో ఒకటి చస్తే వణుకు దాగదు. ఇంజన్ ఆపి, ఒక వైరు తీసి, దానికి పాత ప్లగ్గు తగిలించి ఇంజన్ ఇనుముకు ఆనించి పెట్టు. స్టార్ట్ చెయ్యి. వణుకు పెరిగితే ఆ సిలిండర్ బానే ఉంది. తేడా ఏమీ లేకపోతే చచ్చింది అదే. ఆపి, మళ్ళీ తగిలించి, తర్వాతది. నడుస్తుండగా చేత్తో వైరు లాగకు, షాక్ మామూలుగా ఉండదు. ఆ చచ్చిన సిలిండర్ ప్లగ్గు తీసి చూడు. బిస్కెట్ రంగైతే మంచిది, పెట్రోలుతో తడిగా ఉంటే మండట్లేదు, ఆయిల్ ఉంటే అప్పుడు మెకానిక్ మాటకు బలం ఉంది.

ఒకవేళ సైలెన్సర్ శబ్దం నిలకడగా వస్తూ బాడీ మాత్రం వణుకుతుంటే మిస్సింగ్ కాదు, మౌంటింగులు. ఇంజన్ అటో ఇటో లాగి ఉండగానే బోల్టులు బిగిస్తే అలాగే కొడుతుంది.

ఇవన్నీ అయ్యాక కూడా పోకపోతే కంప్రెషన్ గేజి పెట్టించు, ఒక్కో సిలిండర్‌లో ఒత్తిడి ఎంతో అది చూపిస్తుంది. మూడు అంకెలూ కాగితం మీద రాయించుకో. ఒకటి మిగతావాటికంటే బాగా తక్కువుంటేనే ఇంజన్ సంగతి మాట్లాడుకుందాం. టైమింగ్ బెల్టు ఒక పన్ను జారిందేమో కూడా అప్పుడే చూడమను. మెకానిక్‌తో గొడవ పెట్టుకోకు. "అన్నా, ముందు ఎర్త్ ఒకసారి చూద్దామా" అను చాలు. వినేవాడైతే వింటాడు. వినకపోతే బండి లారీలో వేసి ఇక్కడికి పంపు.

ఇంజన్ నంబరు ఆర్సీలో మార్పించావా? నీ సంగతి నాకు తెలుసు, మార్పించి ఉండవు. ఇంజన్ కొన్న బిల్లు పారేయకు, ఆర్టీఏ ఆఫీసులో అడుగుతారు.

ఆదివారం పొద్దున్నే మొదలుపెట్టు, ఇంజన్ చల్లగా ఉంటుంది. చున్నీ తీసేసి, జుట్టు ముడేసుకో, బెల్టు దగ్గర జాగ్రత్త. స్టార్ట్ చేశాక నాకు ఫోన్ చేసి సైలెన్సర్ దగ్గర పెట్టు. ఏమీ మాట్లాడకు, నేను వింటాను.

మీ నాన్న