నాయనమ్మ ఖర్చు ఎవరు మోయాలి

చిరంజీవి బిడ్డకు, నల్లగొండ నుండి నాయన ఆశీర్వదించి రాయునది.

నాయనమ్మను పగటిపూట చూసుకునే కేంద్రానికి అయ్యే డబ్బంతా నెలనెలా నేనే పంపుతాను, లెక్కలు అడగకండి అని మొన్న ఫోనులో అన్నావు. ఆ మాటకు మీ అమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది. నేను మాత్రం ఆ రాత్రి కూర్చుని లెక్క వేశాను. ఫోనులో చెబితే నువ్వు మధ్యలోనే మాట తుంచుతావు కాబట్టి కాగితం మీద పెడుతున్నాను. ఆ డబ్బంతా నీ దగ్గర తీసుకోను. ఎందుకు తీసుకోనో, ఎంత తీసుకుంటానో ఈ ఉత్తరంలోనే చెబుతాను.

నాయనమ్మ మర్రిగూడ వైపు పల్లెలో బావి నీళ్లు తాగి పెరిగిన మనిషి. ఆ నీళ్లలోని ఫ్లోరైడు వల్ల యాభై ఏళ్లు దాటక ముందే నడుము వంగింది, మోకాళ్లు బిగుసుకున్నాయి. మిషన్ భగీరథతో కృష్ణా నీళ్లు ఇంటికి వచ్చినా, అప్పటికే బిగిసిన ఎముకలు మళ్లీ మెత్తబడవు కదా. దానికి తోడు మూడేళ్ల నుండి మతిమరుపు. పోయిన వానాకాలంలో ఒకనాడు తెల్లవారకముందే, నాట్లకు కూలీలను పిలవాలంటూ కట్టె పట్టుకుని పానగల్లు రోడ్డు మీదికి వెళ్లిపోయింది. మనల్ని ఎరిగిన ఆటో అతను చూసి గడియారం సెంటరు దగ్గర నాకు అప్పగించకపోతే ఏమయ్యేదో తలచుకోవడానికే భయం వేస్తుంది.

ఆ రోజు నుండి మీ అమ్మ ఇల్లు కదలలేదు. ఈ మాట నువ్వు నిదానంగా చదవాలి. నాయనమ్మను లేపి కూర్చోబెట్టడం, స్నానం చేయించడం, బట్టలు మార్చడం, అన్నం ముద్దలు కలిపి పెట్టడం, రాత్రి రెండు గంటలకు తలుపు గడియ చప్పుడైతే లేవడం, ఇవన్నీ అరవై రెండేళ్ల మీ అమ్మ చేస్తున్నది. రెండేళ్లుగా సూర్యాపేటలోని తన చెల్లెలి ఇంటికి వెళ్లలేదు. తన నడుం నొప్పికి డాక్టరు చెప్పిన వ్యాయామం చేసే తీరికా లేదు. ఈ పనికి మనం ఏనాడూ వెల కట్టలేదు కాబట్టి ఇంట్లో చూసుకుంటే ఖర్చు లేదని అనుకున్నాం. ఖర్చు అప్పుడూ ఉంది, దాన్ని మీ అమ్మ ఒక్కతే కడుతూ వచ్చింది. కేంద్రానికి ఇచ్చే డబ్బును ఏమీ ఖర్చు లేని పరిస్థితితో పోల్చవద్దు, మీ అమ్మ ఇన్నాళ్లు చేసిన చాకిరీతో పోల్చి చూడు.

మధ్యలో ఒక ఏజెన్సీ ద్వారా ఇంటికి మనిషిని పెట్టుకున్న సంగతి నీకు తెలుసు. నెలకు 18,000 రూపాయలు, ఒక నెల ముందస్తు. ఆ పిల్ల పదకొండు రోజులకే మానేసింది, మిగిలిన డబ్బు తిరిగి రాలేదు. అందుకే ఈసారి ఒక్క పైసా ఇవ్వకముందే కేంద్రానికి మూడుసార్లు వెళ్లి కూర్చున్నాను. ఉదయం తొమ్మిదింటి నుండి సాయంత్రం ఐదింటి వరకు ఉంచుకుంటారు. మధ్యాహ్నం భోజనం, మనం డబ్బాలో సర్ది పంపిన మందులు వేళకు వేయడం, వారానికి రెండుసార్లు ఫిజియోథెరపీ వారి రుసుములోనే ఉన్నాయి. రాని రోజులకు డబ్బు తగ్గిస్తారా, ఆసుపత్రిలో చేరితే ఆ నెల రుసుము ఏమవుతుంది, పడిపోతే ముందు ఎవరికి ఫోను చేస్తారు అని అడిగి, జవాబులు వారి చేతనే రాయించి సంతకం తీసుకున్నాను. మరుగుదొడ్డిలో పట్టుకోవడానికి కడ్డీలు ఉన్నాయో లేదో మీ అమ్మ వెళ్లి స్వయంగా చూసింది.

నెలకు రుసుము 8,500, ఆటోకు 2,000, డైపర్లకు 1,500. మొత్తం 12,000 రూపాయలు.

ఇందులో మొదటి వాటా నాయనమ్మదే. ఆమె పేరున ఉన్న రెండెకరాల మీద కౌలు ఏడాదికి 30,000 వస్తుంది, సర్కారు ఇచ్చే రైతు భరోసా సాయం ఎకరానికి 12,000 చొప్పున 24,000. రెండూ కలిపితే నెలకు 4,500. ఆ పొలం ఆమె చెమటతో నిలిచింది, ఆ డబ్బు ముందు ఆమెకే ఖర్చు కావాలి. పిల్లలకు మిగల్చాలని దాన్ని దాచి, ఆమె అవసరానికి మరొకరి జేబు తడమడం నాకు సమ్మతం కాదు. నేను సర్కారు పింఛను తీసుకుంటున్నాను కనుక ఆమెకు వృద్ధులకిచ్చే చేయూత పింఛను కోసం దరఖాస్తు పెట్టలేదు, అది పేదవారికి చేరవలసిన డబ్బు. నా పింఛనులో నుండి 4,000 ఇస్తాను. కన్నకొడుకుగా అది నా బాధ్యత. 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం పిల్లలు అన్నప్పుడు కొడుకు, కూతురుతో పాటు మనవడిని, మనవరాలిని కూడా కలిపి చెప్పింది. కాబట్టి మిగిలిన 3,500ను నువ్వూ తమ్ముడూ సమానంగా, చెరి 1,750 ఇవ్వండి. నీ జీతం ఎక్కువని నీ మీదే మోపితే, రేపు తమ్ముడు ఇది అక్క పని అనుకుంటాడు, అత్తగారింట్లో నీకు కూడా మాట వస్తుంది. వాడికి ఇదే లెక్క విడిగా రాశాను.

పన్నులో ఏమైనా తగ్గుతుందా అని అడిగావు. ఆదాయపు పన్ను పాత పద్ధతిలో, వైకల్యం ఉన్న ఆశ్రితుల పోషణకు 75,000, తీవ్ర వైకల్యమైతే 1,25,000 రూపాయల మినహాయింపు ఉంది. అయితే అందులో తల్లిదండ్రులు ఉన్నారు గాని నాయనమ్మలు లేరు, కాబట్టి నీకు వర్తించదు. మీ ఆఫీసు బీమా కాగితంలో ఉన్న 'డే కేర్' అనే మాట చూసి ఆశపడ్డావు. అది కంటి శుక్లం వంటి ఆపరేషన్ చేసి అదే రోజు ఇంటికి పంపే చికిత్సకు పెట్టిన పేరు, మన అవసరం అది కాదు. 70 ఏళ్లు నిండినవారికి ఇచ్చే ఆయుష్మాన్ వయ వందన కార్డు కూడా ఏడాదికి 5 లక్షల వరకు ఆసుపత్రి చికిత్సకే పనికొస్తుంది. ఈ 12,000 మన చేతుల్లో నుండే పోవాలి.

మీ మేనత్త వచ్చి, తల్లిని ఆశ్రమంలో వేశారట కదా అని నలుగురిలో అన్నది. నాకు చాలా బాధ కలిగింది. సాయంత్రం ఐదున్నరకు నాయనమ్మ ఇంటికి వస్తుంది, తన నులక మంచం మీదే పడుకుంటుంది, రాత్రి నా చేతి నుండే మందు వేసుకుంటుంది. అక్కడ తన ఈడు ఆడవాళ్లతో కూర్చుని పాత వ్యవసాయం ముచ్చట్లు చెబుతుందట, పేర్లు తప్పినా ఎవరూ సరిదిద్దరట. పోయిన గురువారం మీ అమ్మ మధ్యాహ్నం రెండు గంటలు నిద్రపోయింది. నేను తలుపు దగ్గరగా వేసి వరండాలో కూర్చున్నాను.

ప్రతి నెలా ఐదో తేదీలోపు నీ వాటా నా ఖాతాకు పంపు, రసీదు ఫోటో నీకూ తమ్ముడికీ పంపుతాను. ఆదివారం వనస్థలిపురం నుండి బస్సెక్కేటప్పుడు నాయనమ్మకు ముందువైపు హుక్కులున్న నాలుగు జాకెట్లు తీసుకురా. వాటి లోపలి అంచున ఆమె పేరూ నా ఫోను నంబరూ దర్జీ చేత కుట్టించు, కేంద్రంవారు అడిగారు.

మీ నాయన