టన్నుకి 25 యూనిట్లు అన్నాం, సగమే చెప్పాం

అందరికీ నమస్తే అండి, జీడిమెట్ల షెడ్ నుంచి రాస్తున్నా. ఎంవీఆర్ (నీళ్ళని ఆవిరి చేసే మా మెషీన్) తీసుకున్నవాళ్ళు కొందరు ఫోన్ చేసి "టన్ను నీళ్ళు ఆవిరి చెయ్యడానికి 25 యూనిట్ల కరెంటే అన్నారు, మీటర్ చూస్తే డబల్ తిరుగుతోంది ఏంటండీ" అని అడుగుతున్నారు. తప్పు మాదే.

మెషీన్ మీకు తెలిసిందే, మరిగే నీళ్ళలోంచి లేచిన ఆవిరిని కండెన్సర్‌లో చల్లార్చి పారెయ్యకుండా బ్లోయర్‌తో నొక్కి, వేడి పెంచి, మళ్ళీ అవే నీళ్ళని మరిగిస్తాం. టన్ను నీళ్ళు ఆవిరవ్వాలంటే 620 యూనిట్ల పైనే వేడి కావాలి, అదంతా ఆవిరిలోనే ఉంటుంది, మనం కరెంటు కొనేది దాన్ని ఓ ఎనిమిది డిగ్రీలు ఎత్తడానికే. పల్చటి నీళ్ళకి 25 నిజమే.

ఉప్పు నీళ్ళతోనే గొడవ. మామూలు ఉప్పు ఇక కరగనంత చిక్కబడితే ఆ నీళ్ళు 100 డిగ్రీల దగ్గర మరగవు, 108 దాటాలి, ఆవిరి మాత్రం 100 దగ్గరే నీళ్ళవుతుంది. బ్లోయర్ ఎత్తిన ఎనిమిదీ ఉప్పే మింగేసింది, ఇంక ట్యూబ్ లోపలికి వేడి ఎలా ఎక్కుతుంది? అందుకే రెండో బ్లోయర్ పెట్టాల్సొచ్చింది, మీ బిల్లు పెరిగింది అక్కడే.

ఇంకోటి కూడా ఒప్పుకోవాలి. రేటు తగ్గిద్దామని సెపరేటర్ (ఆవిరిలోంచి నీటి తుంపర్లని వేరుచేసే ట్యాంకు) చిన్నది పెట్టాం. పోయిన ఎండాకాలం ఒక సైట్‌లో నురగ పొంగి ఆవిరితో పాటు బ్లోయర్‌లోకి పోయింది, వైబ్రేషన్‌కి ట్రిప్ అయితే వెళ్ళి విప్పి చూశాం, ఇంపెల్లర్ రెక్కల మీద తెల్లగా ఉప్పు పెచ్చులు, గోరుతో గీకితే రాలుతున్నాయి, అదీ ఒక పక్కే ఎక్కువ. బ్యాలెన్సింగ్ ఖర్చు మేమే పెట్టుకున్నాం, పెట్టుకోవాలి కూడా.

ఇక నుంచి మీ నీళ్ళు ఒక 20 లీటర్ల క్యాన్ పంపిస్తేనే కొటేషన్. చిక్కబడేదాకా ఇక్కడే మరిగించి థర్మామీటర్ చూసి యూనిట్లు రాసిస్తాం. ఎక్కడిదాకా ఎంవీఆర్ లాగుతుందో అక్కడిదాకే, మిగతాది స్టీమ్ మీద. ఊక బాయిలర్ ఉండి స్టీమ్ చవగ్గా వస్తుంటే, ఆవిరి చెయ్యాల్సిన నీళ్ళు తక్కువైతే, మీకు ఎంఈఈ (స్టీమ్‌తో వరస దశల్లో మరిగించే మెషీన్) చాలు, ఇది కొనకండి (మా అకౌంటెంట్ ఈ లైన్ తీసెయ్యమన్నాడు). మొదట వేడెక్కించడానికి ఎలాగూ కాస్త స్టీమ్ కావాలి, అది కూడా లెక్కేసుకోండి.

చిన్న సెపరేటర్ ఉన్నవాళ్ళకి పెద్దది మా ఖర్చుతోనే మార్చిస్తాం, కానీ ప్లాంట్ రెండు రోజులు ఆపాలి. మీ షట్‌డౌన్ డేట్ ముందే చెప్పండి, వెల్డర్లు ఇద్దరే ఉన్నారు.